సెట్ అయింది అంటే ఏమైంది?

నల్లగొండ

తమ్ముడూ,

నీ కథ అందింది. రెండుసార్లు చదివాను, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. ఎనిమిది పేజీల్లో 'సెట్' అనే మాట 19 సార్లు వచ్చింది. స్లాబు సెట్ అయింది, సంబంధం సెట్ అయింది, మోటరు సెట్ చేశారు, పెరుగు సెట్ కాలేదు, చివరికి ఆ పిల్ల "నీకు నాకు సెట్ కాదు" అనేసి దేవరకొండ బస్సెక్కింది. తిట్టడానికి రాయడం లేదు. నాలుగు రోజులుగా ఆ మాట బుర్రలోంచి పోవడం లేదు, అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

ఇంగ్లీషువాళ్లకే ఇది పెద్ద తలనొప్పి. 1989లో వచ్చిన ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీ రెండో కూర్పులో దీనికి 430 దాకా అర్థాలు ఇచ్చారు (తర్వాతి సవరణల్లో 'రన్' దీన్ని దాటేసిందిలే). అసలు ఇవి రెండు వేర్వేరు మాటలు. పెట్టడం, నిలపడం అనే క్రియ పాత ఇంగ్లీషుది, 'సిట్'కి చుట్టం: కూర్చుంటే సిట్, కూర్చోబెడితే సెట్. గిన్నెల సెట్టులో ఉన్నది మాత్రం లాటిన్ 'సెక్టా' నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది, మొదట దానికి గుంపు, వర్గం అనే అర్థం. మనం మూడోదాన్ని కూడా కలిపాం, ఎంసెట్‌లోని సెట్. అది కామన్ ఎంట్రన్స్ టెస్ట్‌కి పొట్టి రూపం, పరీక్ష పేరు ఎప్‌సెట్‌గా మారినా ఆ తోక అట్లాగే ఉంది. తెలుగులో రాస్తే మూడూ ఒకే తీరు.

నేనూ దీని చేతిలో దెబ్బ తిన్నవాణ్నే. కుర్రతనంలో ఒక పత్రికకు ఇంగ్లీషు కథ అనువాదం చేస్తూ, ఆమె టేబుల్ సెట్ చేసిందన్న చోట 'బల్లను అమర్చింది' అని రాశాను. ఎడిటర్ పక్కన ఎర్ర సిరాతో 'వడ్రంగి పని ఈమెకెందుకు?' అని రాసి పంపాడు. కంచాలు పెట్టింది అంటే అయిపోయేది.

ఇప్పుడు నీ స్లాబు సంగతి. మేస్త్రీ "సెట్ అయ్యేదాకా కాలు పెట్టొద్దు" అంటాడు, ఆ మాట ముట్టుకోకు, అది అతని పనిలో మాట. కానీ నువ్వు కథకుడిగా 'సెట్ అయింది కాబట్టి తెల్లారి పైన ఇటుకలు పేర్చారు' అన్నావు చూడు, అక్కడ పట్టుబడ్డావు. సిమెంటు సెట్ కావడం వేరు, బలం రావడం వేరు. మామూలు సిమెంటు 30 నిమిషాల లోపు బిగుసుకోవడం మొదలవకూడదు, 600 నిమిషాల్లోపు బిగుసుకోవాలి, మన ప్రమాణాల లెక్క ఇది. బలం మాత్రం నీళ్లు పట్టిన కొద్దీ రోజుల తరబడి పెరుగుతుంది, కాంక్రీటు బలాన్ని 28 రోజులకు లెక్కగడతారు. పక్కనే హుజూర్‌నగర్, మేళ్లచెర్వు వైపు అన్ని సిమెంటు ఫ్యాక్టరీలు పెట్టుకుని, కథలో నాన్న పాలమూరు మేస్త్రీ అని రాసి, ఆయన చేతనే ఈ పని చేయిస్తే మన జిల్లాల్లో ఎవడు నమ్ముతాడు? ఆ ఒక్క మాట అర్థం సరిగ్గా పట్టుకుని ఉంటే నీ కథలో ఆ ఘట్టం ఇంకోలా నడిచేది.

మోటరు దగ్గర నాకేమీ అర్థం కాలేదు. బోరులో దింపారా, కాలిపోతే వైండింగ్ చేయించారా, ఆటో స్టార్టర్ బిగించారా? ఎదురుగా నిలబడి చెప్పేటప్పుడు చెయ్యి చూపిస్తాం, మొహం చూపిస్తాం, సరిపోతుంది. కాగితం మీద చెయ్యి ఉండదు కదా.

సంబంధం సెట్ అయిందని హైదరాబాద్‌లో పనిచేసే అన్న అంటే బాగుంది. అదే మాట నాయనమ్మ నోట పెట్టావు. ఆమె "ఖాయమైంది బిడ్డా" అంటుంది. ఇంకో సంగతి, ఆ 'ఖాయం' కూడా మనది కాదు, ఉర్దూ నుంచి వచ్చింది, నిజాం కాలంలో కచేరీల నిండా ఉర్దూయే. ఒకప్పుడు అదీ కొత్త మాటే, ఇప్పుడు ముసలామె నోట్లో ఎంత సొంతంగా ఉంది! అందుకే అచ్చ తెలుగు పేరుతో అన్ని సెట్‌లూ పీకెయ్యమని చెప్పను, అలా చేస్తే నీ కథలో కుర్రాళ్లు పంతుళ్లలా మాట్లాడతారు.

పెరుగు మాత్రం తోడుకోలేదు అని మార్చు. దానికి వాదన లేదు.

ఆ పిల్ల చివరి మాట ఉంచు. నేను 'పొసగదు' పెట్టి చూశాను, 'కుదరదు' పెట్టి చూశాను. పొసగదంటే కొట్లాట వాసన వస్తోంది, కుదరదంటే ముహూర్తం కుదరనట్టుంది. 'సెట్ కాదు'లో తప్పు వాడిదీ కాదు, ఆమెదీ కాదు, ఇద్దరి మధ్య ఏదో అంతే. ఆమె వాణ్ని బాధపెట్టకుండా పోవాలనుకుంది, అందుకు ఇంతకంటే మెత్తని మాట నాకు దొరకలేదు. 19లో నాకు బాగా నచ్చింది ఇదే.

కథ వెనక్కి పంపుతున్నాను. స్లాబు పేజీ తిరగరాసే ముందు ఎవరైనా ముసలి మేస్త్రీని పట్టుకుని, సున్నంతో కట్టిన రోజుల్లో ఈ 'సెట్' బదులు ఏమనేవాళ్లో అడుగు. నాకూ తెలుసుకోవాలని ఉంది. దసరాకు వచ్చినప్పుడు చెప్పు.

మీ అన్న