‘ఎలాగూ చెడిపోయింది’ అన్న మాట బరువెంత?

ప్రశ్న: నా వయసు 43. ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు, బరువు 76 కిలోలు. మాది నెల్లూరు. పెళ్లయి పద్దెనిమిదేళ్లుగా మద్రాసులోనే ఉంటున్నాం. రోజూ వేలచ్చేరి నుంచి చేపాక్ దాకా రైల్లో ఆఫీసుకి వెళ్లొస్తాను. ప్రతి సోమవారం డైట్ మొదలుపెడతాను. బుధవారమో గురువారమో ఆఫీసులో ఎవరిదో ఒకరిది పుట్టినరోజు. ఒక ముక్క కేక్ తింటాను. అంతే, ‘నువ్వింతే, నీకు సిగ్గు లేదు, ఈ జన్మకి తగ్గవు’ అని నన్ను నేనే తిట్టుకుంటాను. ఎలాగూ చెడిపోయింది కదా అని సాయంత్రం స్టేషన్ బయట బజ్జీలు, రాత్రి పిల్లలు మిగిల్చిన పరోటాలు. ఇక ఆదివారం దాకా లెక్కే ఉండదు. విచిత్రం ఏమిటంటే, కార్తీక సోమవారాలు మాత్రం నక్షత్రం కనిపించేదాకా మంచినీళ్లతో ఉండగలను. మామూలు సోమవారం పదకొండు కొట్టకముందే నోరు లాగుతుంది. నాకు విల్‌పవర్ ఉన్నట్టా, లేనట్టా?
– ఒక పాఠకురాలు, వేలచ్చేరి

జవాబు: ఉన్నట్టేనమ్మా. దాని సంగతి కార్తీకమాసం దగ్గరికి వచ్చినప్పుడు చెప్తాను. మీ ఉత్తరం చదువుతూ నేను పెన్సిలుతో గీత గీసుకున్న మాట మాత్రం ‘ఎలాగూ చెడిపోయింది’. ముందు దాని లెక్క తేలుద్దాం.

ఒక ముక్క కేక్ మూడు వందల కేలరీలు అనుకుందాం. కిలో కొవ్వుకి సుమారు 7,700 కేలరీలు. అంటే ఆ ముక్క మొత్తం కొవ్వుగా మారి ఒంట్లో కూర్చున్నా 40 గ్రాములు ఉండదు. కోడిగుడ్డంత బరువు కూడా లేదు. బుధవారం పదకొండున్నరకి మీ డైట్‌కి జరిగిన నష్టం ఇంతే. ఆ తర్వాతి బజ్జీలు, పరోటాలు, ఆదివారం దాకా లెక్కలేని నాలుగు రోజులు, ఇవన్నీ ఆ మాట ఖాతాలో రాయాలి. కేక్ ఖాతాలో రాస్తే అన్యాయం.

‘నిండా మునిగినవాడికి చలేమిటి’ అని మనకో సామెత ఉంది కదా. 1975లో పీటర్ హెర్మన్, డెబొరా మాక్ అనే ఇద్దరు మనస్తత్వ పరిశోధకులు దాదాపు ఇదే సంగతిని మిల్క్‌షేక్‌తో పరీక్షించారు. కొందరు అమ్మాయిలకి మిల్క్‌షేక్ తాగించి, ఆ తర్వాత ఐస్‌క్రీములు ముందు పెట్టి ‘రుచి చూసి చెప్పండి, ఎంతైనా తినండి’ అన్నారు. తిండి మీద ఆంక్షలు లేనివాళ్లు మిల్క్‌షేక్ తాగాక ఐస్‌క్రీము తక్కువ తిన్నారు. కడుపు నిండింది, అంతే. డైట్‌లో ఉండేవాళ్లు మాత్రం మిల్క్‌షేక్ తాగాక ఇంకా ఎక్కువ తిన్నారు. కడుపు చెప్పే మాట వాళ్లకి వినపడలేదు. ‘ఇవాళ్టికి చెడింది’ అన్న మాటే వినపడింది.

తిట్టుకుంటే బుద్ధొస్తుంది అనేది మనందరి నమ్మకం. చిన్నప్పటి నుంచి అలా పెరిగాం. 2007లో క్లెయిర్ ఆడమ్స్, మార్క్ లియరీ చేసిన ప్రయోగం దీని మీదే. అమ్మాయిల చేత ఒక డోనట్ తినిపించారు. తర్వాత కొందరికి మాత్రం ‘ఇలాంటివి అందరం అప్పుడప్పుడు తింటాం, దీనికి మిమ్మల్ని మీరు కష్టపెట్టుకోకండి’ అని రెండు ముక్కలు చెప్పారు. ఆపైన చాక్లెట్లు, మిఠాయిలు ముందు పెట్టారు. అది తినకూడదు, ఇది తినకూడదు అని తమకి తామే గట్టి ఆంక్షలు పెట్టుకునే రకం వాళ్లలో, ఆ రెండు మంచి ముక్కలు విన్నవాళ్లే తక్కువ తిన్నారు. వదిలేస్తే విచ్చలవిడిగా తింటారని మనం అనుకుంటాం, అలా జరగలేదు. తిట్టుకున్నాక మనసు నొచ్చుకుంటుంది, నొచ్చుకున్న మనసుకి ఓదార్పు కావాలి. సాయంత్రం అయిదున్నరకి స్టేషన్ మెట్లు దిగగానే తక్కువ ధరలో, వేడివేడిగా దొరికే ఓదార్పు ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇదంతా పుస్తకాల్లో చదివి చెప్తున్నాననుకోకండి. నేను ఇక్కడే ఒక పెద్ద ఆసుపత్రిలో 27 ఏళ్లు డైటీషియన్‌గా పనిచేశాను. రెండో కాన్పు తర్వాత నా బరువు 81. ఓ రోజు నా ఎదుటి కుర్చీలో కూర్చున్నావిడ బరువు 79. ‘కంగారు పడకండమ్మా, రాత్రి అన్నం ఒక గరిటె తగ్గించి చూద్దాం, పదిహేను రోజులాగి రండి’ అన్నాను. ఆవిడ తేలిక పడి వెళ్లింది. ఆ సాయంత్రం లిఫ్టులో అద్దం చూసుకుని ‘ఒసే దున్నపోతా, నువ్వా ఊరికి నీతులు చెప్పేది’ అనుకున్నాను. లిఫ్టు కిందికి దిగేలోగా తట్టింది. ఇద్దరి మధ్య తేడా రెండు కిలోలు. ఆవిడకి ‘మీరు’, నాకు ‘ఒసే’.

అప్పటి నుంచి నాతో నేను పేరు పెట్టి, ‘మీరు’ అని మాట్లాడటం మొదలుపెట్టాను. ‘ఏమండీ, ఇవాళ మధ్యాహ్నం ఏమైంది?’ అని. మా వారు విని, ఫోనులో ఎవరితోనో మాట్లాడుతున్నాననుకునేవారు. చాలా ఏళ్ల తర్వాత, 2014లో, మిషిగన్ యూనివర్సిటీలో ఈథన్ క్రాస్ బృందం రాసింది చదివాను. కష్టంలో ఉన్నప్పుడు ‘నేను, నేను’ అనుకోకుండా తనను తాను పేరుతో పిలుచుకుని మాట్లాడుకునేవాళ్లకి ఆందోళన తగ్గుతుందట. ఇంగ్లీషులో అందరికీ ఒకటే ‘యూ’. మనకి ‘మీరు’ ఉంది, వాడుకోవచ్చు.

కానీ నాకు అసలు పాఠం చెప్పింది మైలాపూరులో, మాడవీధి పక్క సందులో మా టైలరు. పెద్దాయన. జాకెట్టు కొలతకి టేపు చుట్టి, పుస్తకం రాసుకునే కుర్రాడికి ‘ముప్పత్తెట్టు’ అని తమిళంలో కేకేస్తాడు. అంతే. ‘అయ్యో, పోయిన దీపావళికి ముప్పై ఆరే కదమ్మా’ అనడు, ముఖం ముడవడు. ముప్పై ఎనిమిదికి గుడ్డ ఎంత కావాలో చెప్తాడు. ఆ గొంతు విన్నాక అనిపించింది, నా ఒంటి గురించి నాకు కావలసింది ఇలాంటి గొంతు అని. అంకె ఉంటుంది, విశేషణం ఉండదు.

మీరు చెయ్యాల్సింది కూడా ఇదే. పాలవాడి లెక్క రాసుకునే లాంటి చిన్న పుస్తకం ఒకటి పెట్టుకోండి. ‘బుధవారం, 11.40, కేక్ ఒక ముక్క, ఆఫీసులో పుట్టినరోజు.’ అక్కడ కలం ఎత్తెయ్యాలి. ‘మళ్లీ తినేశాను’ అని రాస్తే ‘మళ్లీ’ కొట్టెయ్యండి. ‘సిగ్గులేకుండా’ అని రాస్తే అదీ కొట్టెయ్యండి. మొదటి వారం నా పుస్తకంలో కొట్టివేతలే ఎక్కువ. కేక్ వరస కింద తర్వాతి వరస ఖాళీగా ఉంటుంది చూశారా, అది మధ్యాహ్నం భోజనానిది. అది మీరు ఇంటి నుంచి తెచ్చుకున్న డబ్బానే అవుతుంది, ఎందుకంటే ఏమీ చెడిపోలేదు. ఇంకో మాట. సాయంత్రం బజ్జీకి కారణం మనసొక్కటే కాదు, ఆకలి కూడా. నాలుగింటికి గుప్పెడు ఉడికించిన శనగలో, మజ్జిగో కడుపులో పడితే స్టేషన్ మెట్ల దగ్గర మీతో మీరు వాదించుకునే పని సగం తగ్గుతుంది.

ఇక కార్తీక సోమవారం. ఆ రోజు ఎవరైనా కేక్ ఇస్తే మీరేమంటారు? ‘ఇవాళ నేను తిననండీ’ అంటారు. మామూలు సోమవారం అయితే? ‘తినకూడదండీ, డైట్’ అంటారు. ‘తినను’ అన్నప్పుడు యజమాని మీరే. ‘తినకూడదు’ అన్నప్పుడు ఎవరో కర్ర పట్టుకుని నిలబడ్డట్టు. కర్ర కనపడితే తప్పించుకోవాలని ఎవరికైనా అనిపిస్తుంది. 2012లో వెనెస్సా పాట్రిక్, హెన్రిక్ హాగ్ట్‌వెట్ సరిగ్గా ఈ రెండు మాటలే పరీక్షించారు. కొందరు విద్యార్థులతో ‘తినకూడదు’ అనీ, కొందరితో ‘తినను’ అనీ అనిపించారు. వెళ్లేటప్పుడు చాక్లెట్టు కావాలా, అటుకులూ గింజలూ కలిపిన బారు కావాలా అని అడిగారు. ‘తినకూడదు’ అన్నవాళ్లలో గింజల బారు తీసుకున్నది 39 శాతం. ‘తినను’ అన్నవాళ్లలో 64 శాతం. మీరు కూడా పెద్ద వ్రతాలేమీ పట్టకుండా ఒకే ఒక్క ‘తినను’ ఎంచుకోండి. నాది ‘నిలబడి తినను’. బజ్జీ తినొచ్చు, ప్లేటులో పెట్టుకుని, కూర్చుని. రోడ్డు మీద కూర్చోవడానికి చోటుండదు కాబట్టి చాలాసార్లు ఆ గొడవే లేకుండా పోయింది. అలాగని కార్తీక ఉపవాసాన్ని బరువు తగ్గే ఉపాయంగా మార్చకండి, అది వేరే విషయం. షుగరు మందులు వాడేవాళ్లు డాక్టరుని అడక్కుండా అసలు ఉండకూడదు.

మాటలు మారిస్తే కిలోలు వాటంతట అవే కరుగుతాయని మాత్రం నేను చెప్పను. హోటల్ గదులు తుడిచే ఆడవాళ్లకి ‘మీ పనే మంచి వ్యాయామం’ అని చెప్తే నాలుగు వారాల్లో కాస్త బరువు, బీపీ తగ్గాయని 2007లో అలియా క్రమ్, ఎలెన్ లాంగర్ రాశారు. దాన్ని చాలామంది కథలుగా చెప్తారు. తర్వాత వేరేవాళ్లు అలాంటిదే చేసి చూస్తే ఆ ఫలితం రాలేదు. మాట చేసే పని, మీరు గురువారం నాడు వదిలెయ్యకుండా చూడటం. తగ్గించేది తిండి, నడక, నిద్ర. 43 ఏళ్లు కదా, ఒకసారి థైరాయిడ్, షుగరు చూపించుకోండి. వాటిలో తేడా ఉంటే ఇన్నాళ్లూ మిమ్మల్ని మీరు తిట్టుకున్న తిట్లన్నీ చిరునామా తప్పినట్టే.

ఆదివారం బిర్యానీ తిని సోమవారం బరువు చూసుకుంటారా? మానెయ్యండి. కిలోన్నర పెరిగినట్టు కనిపిస్తుంది, అందులో ఎక్కువ భాగం ఉప్పు పట్టి ఉంచిన నీళ్లు. నేను శుక్రవారం పొద్దున చూసుకుంటాను. 81 నుంచి 72కి రావడానికి నాకు పద్నాలుగు నెలలు పట్టింది. 72 దగ్గర అది ఆగింది, నేనూ ఆగాను.

ప్రశ్న: నా బరువు 94. రోజూ పొద్దున అద్దం ముందు నిలబడి ‘నేను 70 కిలోలు, నేను ఫిట్‌గా ఉన్నాను’ అని ఇరవై ఒక్కసార్లు అనుకోమని స్నేహితుడు చెప్పాడు. నెలైంది. తగ్గలేదు సరికదా, అనుకున్న ప్రతిసారీ చిరాకేస్తోంది. నమ్మకం చాలకనా?
– ఒక పాఠకుడు, అంబత్తూరు

జవాబు: నమ్మకం సంగతి సరే, ఎదురుగా అద్దం ఉంది కదా బాబూ! మీరు 70 అన్నప్పుడల్లా లోపలి నుంచి ఎవరో ‘94’ అని గుర్తుచేస్తుంటే చిరాకు రాక ఏమొస్తుంది? 2009లో జోయాన్ వుడ్ బృందం చూసింది ఇదే. తమ మీద తమకి మంచి అభిప్రాయం లేనివాళ్లు ‘నేను ప్రేమకి తగినదాన్ని’ లాంటి మాటలు వల్లిస్తే వాళ్ల మనసు ఇంకా కుంగింది. ఎవరికి అవసరం ఎక్కువో వాళ్లకే ఆ మందు పడలేదు. నిజమయ్యే మాట ఒకటే చెప్పుకోండి: ‘ఇవాళ షిఫ్టు అయ్యాక ఇరవై నిమిషాలు నడుస్తాను.’ రాత్రికి అది నిజమైందో లేదో తెలిసిపోతుంది.

నడిచాక ఇంకో ఉచ్చు ఉంది, జాగ్రత్త. నేను లజ్ దగ్గర నాగేశ్వరరావు పార్కులో నడుస్తాను. అమృతాంజనం, ఆంధ్రపత్రిక నాగేశ్వరరావు పంతులుగారి పేరే ఆ పార్కుకి. అక్కడ ప్రతి పొద్దునా వినపడే మాట ‘నాలుగు రౌండ్లయ్యాయి, ఇక పొంగల్ తినొచ్చు’. అరగంట నడకకి ఖర్చయ్యేది సుమారు నూట యాభై కేలరీలే. నెయ్యి, జీడిపప్పు వేసిన పొంగల్ ముందు అదెంత? తిట్టు మోసం చేసినట్టే మెప్పు కూడా చేస్తుంది.

ప్రశ్న: మా పాపకి పద్నాలుగేళ్లు, కొంచెం బొద్దుగా ఉంటుంది. బళ్లో తమిళ పిల్లలు ‘గుండు’ అంటున్నారని ఏడుస్తోంది. మా అత్తగారు ‘జుట్టు ఇంత ఒత్తుగా ఉంటే గుండు అంటారేమే’ అని వాళ్ల టీచరుతో గొడవకి వెళ్లబోయారు. నవ్వొచ్చినా బాధగా ఉంది. ఈ మధ్య పాప రాత్రి అన్నం మానేస్తోంది. డైట్ పెట్టించమంటారా?
– ఒక అమ్మ, పెరంబూరు

జవాబు: మీ అత్తగారికి నా నమస్కారాలు చెప్పండి. తమిళంలో గుండు అంటే లావు అని ఆవిడకి తెలియనివ్వకపోవడమే మంచిది, బళ్లో పిల్లలు బతికిపోతారు.

పాపకి డైట్ వద్దు. ఎదిగే వయసు. రాత్రి అన్నం మానేస్తున్న సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోకండి. దొంగచాటుగా తినడం, తిన్నాక వాంతి చేసుకోవడం, నెలసరి తప్పడం లాంటివి కనిపిస్తే వెంటనే పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. మానసిక ఇబ్బందులకి ప్రభుత్వం నడిపే ఫోను సహాయం టెలి మానస్, నంబరు 14416. ఫోను చేస్తే తెలుగులో కూడా మాట్లాడొచ్చు.

ఇంట్లో పాప బరువు ఊసు ఎవరూ ఎత్తకూడదు, ముద్దుకి కూడా. నాన్న ‘బొండాం’ అని పిలుస్తుంటే ఆ పిలుపు ఇవాళ్టితో ఆగాలి. అంతకంటే ముఖ్యం, చీర కట్టుకుంటూ మీ పొట్ట చూసుకుని మీరేమనుకుంటున్నారో పాప వింటోంది. ఆ మాటలే రేపు తన గురించి తాను అనుకుంటుంది.

పైన వేలచ్చేరి ఆవిడకి చెప్పిన పుస్తకం, అంకెలు, టైలరు పద్ధతి పెద్దవాళ్లకి. పద్నాలుగేళ్ల పిల్లకి అంకె కూడా గుచ్చుకుంటుంది. సంక్రాంతికి లంగా ఓణీ కుట్టిస్తారుగా, కొలతలు పైకి చదవకుండా రాసుకోమని టైలరుకి మీరు ముందే వెళ్లి చెప్పి రండి.