ఎడారిలో బడి కట్టబోతున్న మేనల్లుడికి

విజయనగరం

చిరంజీవి అల్లుడికి,

మావయ్య ఆశీస్సులు. రాజస్థాన్‌లో జైసల్మేర్ దగ్గర ఆడపిల్లల బడి, పక్కనే హాస్టలు డిజైన్ చేసే పని నీకు వచ్చిందని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషం. నువ్వు శ్రీకాకుళంలో నాగావళి గట్టున పెరిగినవాడివి. అందుకే గీత గీసే ముందే చెబుతున్నాను, మన అలవాట్లు అక్కడికి మోసుకెళ్లకు.

మనది ఉక్కపోత, వాళ్లది పొడి ఎండ. మన దగ్గర 35 డిగ్రీలుండి గాలిలో తేమ 70 శాతం ఉందనుకో. థర్మామీటరు బల్బుకి తడిగుడ్డ చుట్టి ఎంత విసిరినా, తడి సరిగా ఆరక 30 దగ్గర ఆగిపోతుంది. అక్కడ 42 డిగ్రీల మధ్యాహ్నం తేమ 15 శాతమే ఉంటే, అదే తడిగుడ్డ 22కి దిగుతుంది. మనకి చెమట ఆరాలంటే ఒంటికి గాలి తగలాలి కాబట్టి కిటికీలు బార్లా తీస్తాం. అక్కడ పగలు కిటికీ తీస్తే వడగాడ్పు, ఇసుక రెండూ లోపలికొస్తాయి. పగలు మూయాలి, రాత్రి తీయాలి. ఆకాశం తేటగా ఉండటంతో రాత్రి నేల త్వరగా చల్లబడుతుంది. ఆ చలవని గోడల్లో, నడిమి వాకిట్లో పట్టి ఉంచడమే అక్కడి పాత హవేలీల, అంటే పెద్ద భవంతుల, కిటుకు.

అడుగున్నర మందం రాతిగోడకి ఎండ తగిలితే ఆ వేడి లోపలి ముఖానికి చేరడానికి సుమారు 10 గంటలు పడుతుంది. బడికి ఇంతకన్నా ఏం కావాలి? వేడి వచ్చేసరికి పిల్లలు ఉండరు. హాస్టలుకి మాత్రం అదే గోడ పిల్లలు పడుకున్నాక వేడి వదులుతుంది. పాతరోజుల్లో మేడమీద పడుకునేవారు, హాస్టల్లో ఆడపిల్లల్ని అలా పడుకోనివ్వరు కదా. అందుకని రెండింటికీ ఒకే గోడ గీయకు. పడకగదుల గోడలు తేలిగ్గా, బాగా నీడపట్టున ఉండాలి, గాలి ఇటునుంచి అటు పోవాలి.

ఇంకోటి, దీన్ని ఎవరూ పట్టించుకోరు. ఇంట్లో అయితే రాత్రి కిటికీ తీయడానికి మనిషి ఉంటాడు. ప్రభుత్వ బిల్డింగులో సాయంత్రం అటెండరు అన్నీ మూసి, తాళం వేసి వెళ్లిపోతాడు. రాత్రి చలవ బయటే ఉండిపోతుంది. ఇందులో అతని తప్పేం లేదు, దొంగల భయం అతనిది. కాబట్టి సీలింగు కిందుగా, చేతికందని ఎత్తులో, గట్టి గ్రిల్లూ మెష్షూ ఉన్న వెంటిలేటర్లు పెట్టు. తాళం వేశాక కూడా అవి తెరిచే ఉండాలి. పొద్దున్నే మూయడానికి కింద నుంచి లాగే తాడు చాలు.

కప్పు మీద రోజంతా ఎండ పడుతుంది, ఖర్చు అక్కడ తగ్గించనివ్వకు. తెల్ల సున్నం పూత, దాని మీద ఇంకో నీడ కప్పు ఉంటే మంచిది. పడమటి వైపు మెట్లు, స్టోరు, బాత్రూములు పెట్టు. కమిటీవాళ్లు ముందు భాగానికి గ్లాసు ఎలివేషన్ అడుగుతారు. ఒప్పుకోకు. గట్టిగా నిలబడు.

నీళ్లతో చల్లబరచడం ఆశగా ఉంటుంది గానీ అక్కడ వానే తక్కువ, ఏడాదికి 200 మిల్లీమీటర్ల లోపు. ఫౌంటెన్లు వద్దు. కప్పు మీది వాన నీటిని టాంకాలోకి, అంటే భూమిలో కట్టే నీళ్ల తొట్టిలోకి పట్టు. వట్టివేళ్ల తడికెలు రెండు మూడు గదులకి చాలు. ఆగస్టులో గాలికి తేమ వస్తే అవీ అంతగా పనిచేయవు. ఇరాన్‌లోని యజ్ద్‌లో పైగాలిని పట్టి గదుల్లోకి దింపే గాలి బురుజుల్లాంటివి కట్టాలని ఉంటే గాలి దిక్కు, దుమ్ము దిగడానికి చోటు చూసుకుని గానీ మొదలుపెట్టకు.

కనోయ్ గ్రామంలో రాజకుమారి రత్నావతి బాలికల బడి ఉంది, డయానా కెల్లాగ్ డిజైన్ చేశారు. గుడ్డు ఆకారంలో, అక్కడి పసుపు రాయితో, జాలీ (చిల్లుల అల్లిక) గోడలతో కట్టారు. మే నెలలో వెళ్లి చూడు. సాయంత్రం 4 గంటలకి ఒకసారి, రాత్రి 9కి ఒకసారి లోపలి గోడ మీద అరచెయ్యి పెట్టు. కట్టిన మేస్త్రీలు దొరికితే వాళ్లతో కూర్చుని మాట్లాడు.

ప్లాను కాకుండా ముందు సెక్షన్ డ్రాయింగ్, అంటే బిల్డింగుని నిలువుగా కోసినట్టు చూపే బొమ్మ, పంపు. ఉత్తర దిక్కు గుర్తు వేసి, రాత్రి తాళాలు ఎవరి దగ్గర ఉంటాయో కూడా కనుక్కుని రాయి.

ఇట్లు,
మావయ్య