ఫస్ట్ గేర్‌లో కదిలేటప్పుడు "టక్": ముందు క్రాస్ చూడండి
అన్నా, రివర్స్ నుంచి ఫస్ట్‌కి మార్చినప్పుడల్లా పికప్ కింద "టక్" మంటోందని, మెకానిక్ గేర్‌బాక్స్ దించాలన్నాడని రాశారు. అప్పుడే దించనివ్వకండి. ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి వెనక ఇరుసుకి తిరుగుడు అందించే పొడవాటి గొట్టం) క్రాస్ చూడండి. క్రాస్ అంటే ఆ షాఫ్ట్ చివర కీలులా పనిచేసే ప్లస్ గుర్తు ఆకారపు ముక్క.

నాలుగు చక్రాలకూ రాళ్లు పెట్టి, ఇంజిన్ ఆపి, న్యూట్రల్‌లో ఉంచి కిందికి దూరండి. ఒక చేత్తో యోక్‌ని (క్రాస్‌ని పట్టుకునే పంగ లాంటి ముక్క), ఇంకో చేత్తో షాఫ్ట్‌ని పట్టుకుని ఎదురెదురుగా తిప్పండి. రెండింటి మధ్య కాస్త ఆట కనిపించినా క్రాస్ పోయినట్టే. రెండూ కలిసి కొద్దిగా కదిలితే అది డిఫరెన్షియల్ (వెనక ఇరుసు మధ్యలోది) గేర్ల ఆట, కొంత మామూలే. క్రాస్ నాలుగు కొమ్ములకీ తొడిగిన కప్పుల అంచున ఇటుకపొడి లాంటి ఎర్రటి పొడి ఉందా? గ్రీజు అందక లోపలి సూది బేరింగులు తుప్పు పట్టాయన్నమాట. అప్పుడు గ్రీజు కొట్టినా లాభం లేదు, మార్చాల్సిందే.

షాఫ్ట్ విప్పేముందు ఫ్లాంజ్ (బోల్టులతో బిగించే చోటు) మీదా, స్లిప్ జాయింట్ (షాఫ్ట్ ముందుకీ వెనక్కీ జారే అతుకు) మీదా సుద్దతో గీత పెట్టించండి, మర్చిపోవద్దు. రెండు చివర్ల యోక్‌లు ఒకే వరుసలో లేకపోతే కొత్త క్రాస్ వేసినా బండి వణుకుతుంది. కొత్త క్రాస్ బిగించేటప్పుడు కప్పు బిగుసుకుంటే సుత్తితో బాదనివ్వకండి, లోపల సూది అడ్డం పడి ఉంటుంది.

కొత్త క్రాస్‌కి నిపుల్ (గ్రీజు ఎక్కించే మొన) ఉంటే నాలుగు కప్పుల నుంచీ గ్రీజు బయటికి వచ్చేదాకా కొట్టించండి. నీళ్లలో దిగి వచ్చినప్పుడల్లా మళ్లీ కొట్టించాలి.