నాయనమ్మ గారపళ్లు, మనవరాలి పరిశోధన

ప్రశ్న: మాది కనిగిరి దగ్గర పల్లె. ఇరవై ఏళ్ల కిందట చెన్నై వచ్చి పెరంబూరులో హార్డ్‌వేర్ దుకాణం పెట్టుకున్నాను. మా అమ్మాయి ఇక్కడే బీడీఎస్ (పళ్ల డాక్టరు చదువు) మూడో సంవత్సరం చదువుతోంది. తర్వాత పళ్లకు క్లిప్పులు వేసి వరుస సరిచేసే ఆర్థోడాంటిక్స్‌లో ఎండీఎస్ (పీజీ) చేసి సొంత క్లినిక్ పెట్టుకుంటుందని ఆశపడ్డాం. ఇప్పుడేమో జనం అందరి నోటి ఆరోగ్యాన్ని చూసే పబ్లిక్ హెల్త్ డెంటిస్ట్రీ చదువుతాను, పరిశోధన వైపు వెళతాను అంటోంది. చిగుళ్ల జబ్బుకూ మతిమరుపుకూ సంబంధం ఉందట, షుగరుకూ ఉందట అని రోజూ ఏదో ఒక వార్త చూపిస్తుంది. మా అమ్మవి గారపళ్లు. ఫోటో తీస్తే ఇప్పటికీ కొంగు అడ్డం పెట్టుకుంటుంది. ‘నాయనమ్మ లాంటివాళ్ల గురించి ఎవరూ పట్టించుకోలేదు నాన్నా’ అంటుంది అమ్మాయి. ఈ చదువుతో బతుకుతెరువు ఉంటుందా? వద్దని చెప్పమంటారా?

జవాబు: అయ్యా, మీ ఉత్తరంలో చదువు గురించీ క్లినిక్ గురించీ రాసిన మాటలకన్నా, మీ అమ్మగారు కొంగు అడ్డం పెట్టుకుంటారన్న ఒక్క వాక్యమే నా మనసులో నాటుకుంది. మీ అమ్మాయిని కదిలించింది కూడా అదేనని నాకు అనిపిస్తోంది. అందుకే ముందు దాని గురించి మాట్లాడి, తర్వాత డబ్బు సంగతికి వస్తాను.

‘ఎవరూ పట్టించుకోలేదు’ అన్న మాట పూర్తిగా నిజం కాదని అమ్మాయికి చెప్పండి. 1937లో ఇదే చెన్నైలో, గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన షార్ట్ అనే వైద్యుడూ ఆయన సహచరులూ మద్రాసు ప్రెసిడెన్సీలోని ఫ్లోరోసిస్ గురించి ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. మన దేశంలో మనుషుల్లో ఈ జబ్బును గుర్తించి రాసిన తొలి పత్రంగా దాన్నే చెబుతారు. వాళ్లు చూసింది ఎక్కడివారినో కాదు, అప్పటి నెల్లూరు జిల్లాలోని మీ వైపు పల్లెల వారినే. గారపట్టిన పళ్లు, బిగిసిపోయిన వెన్నెముకలు, వీటన్నిటికీ మూలం తాగే నీళ్లలోని ఫ్లోరైడ్ అని తేల్చారు. మీరు పెరంబూరు నుంచి తాంబరం వైపు వెళ్లినప్పుడల్లా దాదాపు ఆ దారినే దాటి ఉంటారు. మీ అమ్మాయి వెతుకుతున్న ప్రశ్న తొంభై ఏళ్ల కిందటే మీ ఊరి నుంచి ఈ ఊరికి వచ్చింది.

అయితే అమ్మాయి మాటలో ఒక ముఖ్యమైన నిజం కూడా ఉంది. ఆనాటివాళ్లు నీటిని పరీక్షించారు, ఎముకలను పరీక్షించారు. కొంగు సంగతి కొలవలేదు. గారపళ్లున్న మనిషి నవ్వేటప్పుడు ఎందుకు తల దించుకుంటుంది, పెళ్లిచూపుల్లో ఏమి విన్నది, బడిలో పిల్లలు ఏమని పిలిచారు, ఇవి అప్పటి వైద్యం అడిగే ప్రశ్నలు కావు. ఇప్పుడు అడుగుతున్నారు. నోటి బాధ మనిషి జీవితాన్ని ఎంత కుదించిందో తెలుసుకోవడానికి 14 ప్రశ్నల జాబితా ఒకటి 1997 నుంచి ప్రపంచమంతటా వాడుకలో ఉంది. మాట పలకడానికి ఇబ్బందిగా ఉందా, తినడం కష్టమైందా, నలుగురిలో సిగ్గుపడ్డారా అని అందులో అడుగుతారు. ఇలాంటివి ఇంగ్లీషులో పుట్టిన ప్రశ్నలు. వీటిని తెలుగులోకి తేవాలంటే మాటకు మాట పెడితే చాలదు. కనిగిరి వైపు ఒక పెద్దావిడ తన సిగ్గును ఏ మాటలతో చెబుతుందో తెలిసినవాళ్లు కావాలి. చెన్నైలో చదువుతూ, ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, నాయనమ్మ ఒళ్లో పెరిగిన పిల్లకు ఆ పని చేతనవుతుంది. ఆ అర్హత పైసా ఖర్చు లేకుండా మీ ఇంట్లోనే దొరికింది.

ఇక ఆ వార్తల సంగతి. ఇక్కడ మాత్రం మీ అమ్మాయితో కొంచెం గట్టిగానే మాట్లాడాలి. వార్తలు చూసి పరిశోధనను ప్రేమించడం వేరు, పరిశోధన చేయడం వేరు. చిగుళ్లను పాడుచేసే ఒక సూక్ష్మజీవి ఆనవాళ్లు అల్జీమర్స్ రోగుల మెదళ్లలో కనిపించాయని 2019లో ఒక అధ్యయనం వచ్చింది. ప్రపంచమంతా ఆ వార్త వేసింది. తర్వాత ఆ సూక్ష్మజీవి విషాన్ని అడ్డుకునే మందును 600 మందికి పైగా రోగులపై పరీక్షించారు. 2021లో ఫలితాలు వచ్చాయి. జబ్బు ముదరడాన్ని ఆపాలన్న ముఖ్య లక్ష్యాన్ని ఆ మందు అందుకోలేకపోయింది. ఈ రెండో సంగతి ఎన్ని పత్రికలు వేశాయి? గర్భిణులకు చిగుళ్ల వైద్యం చేస్తే నెలలు నిండని కాన్పులు తగ్గుతాయని చాలామంది నమ్మారు. అమెరికాలో 800 మందికి పైగా గర్భిణులతో చేసిన పరీక్ష 2006లో వెలువడింది. చిగుళ్లు బాగుపడ్డాయి, తల్లికీ బిడ్డకూ హాని జరగలేదు, కానీ ముందస్తు కాన్పులు తగ్గలేదు. షుగరు విషయం వేరు. చిగుళ్లకు సరైన వైద్యం చేస్తే మూడు నెలల సగటు చక్కెరను చూపే హెచ్‌బీఏ1సీ సుమారు 0.43 శాతం పాయింట్ల మేరకు తగ్గుతుందని, 35 అధ్యయనాలను కలిపి చూసిన 2022 నాటి సమీక్ష చెప్పింది. అంకె చిన్నదే, కానీ నిలబడే అంకె.

ఈ మూడింటినీ అమ్మాయి ముందు పెట్టి, మూడింటిలో తేడా ఏమిటో చెప్పమనండి. రెండు విషయాలు ఒకేచోట కనిపించడానికీ, ఒకటి మరొకదానికి కారణం కావడానికీ మధ్య ఉన్న దూరాన్ని వివరించగలిగితే ఆమెకు ఈ దారి పట్టే బుద్ధి ఉన్నట్టే. ‘మందు పని చేయలేదు’ అన్న ఫలితం విని నిరాశపడకుండా, ‘ఎందుకు చేయలేదు’ అని అడిగితే ఇంకా మంచిది.

పరిశోధన అంటే తెల్లకోటు వేసుకుని సూక్ష్మదర్శినిలో చూడటం అని మీరు అనుకుంటే, ఈ విభాగంలో పని ఎలా ఉంటుందో చెబుతాను. ఊరి బడి వరండాలో ప్లాస్టిక్ కుర్చీ. పగటి వెలుగుకు ఎదురుగా కూర్చున్న ఏడో తరగతి పిల్లవాడు. డాక్టరు చేతిలో చిన్న అద్దం, కొన దగ్గర అర మిల్లీమీటరు గుండు ఉన్న సన్నని పుల్లలాంటి పరికరం. ఒక్కో పన్ను చూస్తూ ఒకరు అంకె చెబుతారు, పక్కన కూర్చున్నవారు రాసుకుంటారు. గారపళ్లకు డీన్ సూచిక అని ఒకటుంది. మామూలు పన్ను నుంచి గోధుమరంగు మచ్చలు పడి గుంటలు తేలిన పన్ను దాకా మెట్లుగా అంకెలు వేస్తారు. నలభై మందిని చూశాక మొదట చూసిన పిల్లవాణ్ణి మళ్లీ కూర్చోబెడతారు. పొద్దున 2 అన్న పంటికి మధ్యాహ్నం కూడా 2 అనగలగాలి. అనలేకపోతే లెక్క కుదరదు, మళ్లీ మొదటినుంచి సాధన చేయాలి. ఓపిక లేనివారు అక్కడే ఆగిపోతారు.

ఆ ఓపిక ప్రాణాలు కాపాడిన సందర్భం ఒకటి చెబుతాను. తిరువనంతపురం జిల్లాలో 1996 నుంచి ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి నోళ్లు తెరిపించి చూశారు. వాళ్లు డాక్టర్లు కారు, శిక్షణ పొందిన మామూలు పట్టభద్రులు. అనుమానం ఉన్నవారిని ఆసుపత్రికి పంపారు. 2005లో వచ్చిన ఫలితం ప్రకారం పొగాకు, మద్యం అలవాటు ఉన్నవారిలో నోటి క్యాన్సర్ మరణాలు దాదాపు మూడోవంతు తగ్గాయి. మన శ్రీకాకుళం తీరంలో అడ్డపొగ తాగే, అంటే చుట్ట మండే కొసను నోట్లో పెట్టుకునే ఆడవాళ్ల అంగుడిపై వచ్చే మచ్చల గురించి ప్రపంచానికి వివరంగా తెలిసింది కూడా 1960లలో ఇలా పల్లెపల్లెకూ తిరిగి చూసినవాళ్ల వల్లనే. క్లినిక్‌లో కూర్చున్న డాక్టరు దగ్గరికి ఆ ఆడవాళ్లు ఎన్నడూ రారు.

ఇప్పుడు డబ్బు. దాపరికం లేకుండా చెబుతాను. పబ్లిక్ హెల్త్ డెంటిస్ట్రీలో ఎండీఎస్ కూడా మూడేళ్లే, దానికీ నీట్ ఎండీఎస్ ప్రవేశ పరీక్ష రాయాల్సిందే. ఆర్థోడాంటిక్స్‌తో పోలిస్తే పోటీ తక్కువ, ప్రైవేటు కాలేజీల్లో ఫీజు కూడా సాధారణంగా బాగా తక్కువ. ఉద్యోగాల్లో ఎక్కువ భాగం డెంటల్ కాలేజీల్లో బోధన. ప్రైవేటులో తొలి జీతం చూసి మీరు బాధపడవచ్చు. ప్రభుత్వ పోస్టులు కొద్దిగానే పడతాయి. ఇవి కాక పొగాకు మాన్పించే కేంద్రాలు, స్వచ్ఛంద సంస్థలు, మందుల పరీక్షలు నడిపే సంస్థలు, తర్వాత పీహెచ్‌డీ ఉన్నాయి. క్లిప్పులు వేసే డాక్టరుకు వచ్చే రాబడి ఇందులో మొదటి పదేళ్లలో రాదు. అలాగని సొంత క్లినిక్ అంటే బంగారు బాతు అనుకోకండి. చెన్నైలో వీధికి రెండు పళ్ల ఆసుపత్రులు కనిపిస్తున్నాయి. అద్దె, కుర్చీ, ఎక్స్‌రే యంత్రం, సిబ్బంది జీతాలు, ఇవన్నీ అప్పుతో మొదలుపెట్టి నిలదొక్కుకోవడానికి ఏళ్లు పడుతుంది. దుకాణం నడిపిన మీకు నేను వేరే చెప్పాలా?

ఈ విభాగంలో ఎండీఎస్ చేసినంత మాత్రాన వైద్యం మానేయాల్సిన అవసరం లేదు. బీడీఎస్ పట్టా, కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉన్నంతకాలం సాయంత్రాలు క్లినిక్‌లో పని చేసుకోవచ్చు. కాబట్టి ఇంటర్న్‌షిప్ ఏడాది మొత్తం చేతిపని మీద శ్రద్ధ పెట్టమనండి. పన్ను తీయడం, రూట్ కెనాల్, పళ్ల సెట్టు కట్టడం, అన్నీ వంటబట్టాలి. దీన్ని నేను నొక్కి చెప్పడానికి కారణం ఉంది. నా దగ్గరికి వచ్చినవారిలో ఒక అమ్మాయి రోగి ముందు చెయ్యి వణుకుతోందని భయపడి, ఆ భయానికి పరిశోధన అని పేరు పెట్టుకుంది. రెండేళ్లు గడిచాక అటూ ఇటూ కాకుండా మిగిలింది. ఆ పిల్లకు కావలసింది వేరే విభాగం కాదు, పక్కన నిలబడి ధైర్యం చెప్పే గురువు. మీ అమ్మాయి విషయంలో అలాంటిదేమీ లేదు కదా అని ఒకసారి మెల్లగా అడగండి. తండ్రిగా మీరు అడిగితేనే బాగుంటుంది, మందలింపుగా మాత్రం అడగకండి.

నేను వద్దని చెప్పమనను, సరేనని ఇప్పుడే మాట ఇవ్వమని కూడా అనను. ఎండీఎస్ విభాగం తేల్చుకోవడానికి ఆమెకు ఇంకా సమయం ఉంది. ఈలోగా చేసి చూడనివ్వండి. ఎంబీబీఎస్, బీడీఎస్ విద్యార్థుల కోసం భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 1979 నుంచి స్వల్పకాల పరిశోధన పథకం ఒకటి నడుపుతోంది. దాన్ని ఎస్‌టీఎస్ అంటారు. కాలేజీలో ఒక అధ్యాపకుడి మార్గదర్శకత్వంలో రెండు నెలల చిన్న అధ్యయనం చేసి నివేదిక పంపాలి. ఆమోదం పొంది పూర్తి చేస్తే స్టైపెండు, ధ్రువపత్రం ఇస్తారు. ఇంటర్న్‌షిప్‌లో చేరాక ఈ అవకాశం ఉండదు, కనుక మూడో సంవత్సరం దీనికి సరైన సమయం. ప్రకటన వచ్చాక గైడు కోసం వెతికితే ఆలస్యమవుతుంది. ఇప్పుడే పబ్లిక్ హెల్త్ విభాగం అధ్యాపకులను కలవమనండి. మనుషులపై చేసే అధ్యయనం సరైన పద్ధతిలో ఉందో లేదో చూసే ఎథిక్స్ కమిటీ అనుమతికి కూడా వారాలు పడుతుంది.

దానితోపాటు, జనంలో జబ్బులు ఎలా, ఎందుకు వస్తాయో చూసే ఐసీఎంఆర్ వారి జాతీయ ఎపిడెమియాలజీ సంస్థ మన చెన్నై అయపాక్కంలోనే ఉంది. పరిశోధన పద్ధతుల మీద వాళ్లు నడిపే ఆన్‌లైన్ పాఠాలు ఉచితంగా వినవచ్చు. అక్కడే ప్రజారోగ్యంలో మాస్టర్స్ కూడా ఉంది. ఎవరు అర్హులన్నది ఏ ఏటి ప్రకటనలో ఆ ఏడు చూసుకోవాలి. ఎండీఎస్ కాకుండా అటు వెళ్లే దారి కూడా ఆమె ఆలోచించదగ్గదే, కానీ డెంటల్ కాలేజీలో బోధన చేయాలంటే ఎండీఎస్ కావాలి. ఈ ఒక్క తేడా ముందే తెలిసి ఉండాలి.

రెండు నెలల అధ్యయనానికి పెద్ద విషయం ఎత్తుకోవద్దని చెప్పండి. ఫ్లోరైడ్ నీటి వల్ల పళ్లకు గార పట్టేది అవి చిగుళ్ల లోపల తయారవుతున్న వయసులోనే, అంటే దాదాపు ఎనిమిదేళ్లలోపు. ఆ తర్వాత ఎంత మంచినీళ్లు తాగినా ఆ మచ్చలు పోవు. అందుకని నెల్లూరు, ప్రకాశం వైపు నుంచి చెన్నై వచ్చి స్థిరపడిన పెద్దవాళ్లు తమ కాలేజీ ఓపీకి వస్తుంటారేమో చూసి, అలాంటివారిలో కొద్దిమందినే తీసుకుని, పళ్లకు అంకె వేసి, ఆ 14 ప్రశ్నలు తెలుగులో అడిగితే చాలు. గార ఎక్కువ ఉన్నవారికే సిగ్గు ఎక్కువా, కాదా? నాకైతే జవాబు తెలుసుకోవాలని ఉంది.

ప్రశ్నలు తెలుగులో సరిగ్గా వచ్చాయో లేదో మొదట మీ ఇంట్లోనే చూడమనండి. ఈ వారం వీలు చూసుకుని అమ్మాయిని నాయనమ్మ పక్కన కూర్చోబెట్టండి. ఆవిడ చిన్నప్పుడు ఏ బావి నీళ్లు తాగారో, ఎన్నేళ్లు తాగారో, కొంగు అడ్డం పెట్టుకోవడం ఎప్పుడు మొదలైందో ఆవిడ మాటల్లోనే రాసుకోమనండి. ఆ కాగితం తీసుకుని తండ్రీకూతుళ్లు ఇద్దరూ కలిసి నా దగ్గరికి రండి.