ఆయిల్ మార్చారు సరే, తిత్తి చూశారా?

పాఠకుల ప్రశ్నలు

ఈసారి అమెరికాలోని మన పాఠకులు పంపిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం స్టెర్న్‌డ్రైవ్ బోట్ల గురించే. ఇంజిన్ బోటు లోపల, వెనక గోడకు అవతల నీళ్లలో ప్రొపెల్లర్‌ను తిప్పే డ్రైవ్. 1959లో వోల్వో పెంటా ఆక్వామాటిక్ పేరుతో అమ్మకానికి తెచ్చిన అమరిక ఇది. కింద చెప్పిన కొలతలు ఎక్కువమంది దగ్గరున్న మెర్‌క్రూజర్ ఆల్ఫా వన్ జెన్ 2 డ్రైవ్‌వి. మీది వేరే రకమైతే దాని మాన్యువల్ ప్రకారమే వెళ్లండి.

ప్రశ్న: అక్టోబరులో బోటు ఒడ్డుకు చేరుస్తాం. ఆయిల్ మార్చడం వసంతానికి వాయిదా వేయవచ్చా? (మిషిగన్)

జవాబు: వద్దు. డ్రైవ్‌లో గేర్లుండే పెట్టె, అంటే గేర్‌కేసులోకి నీళ్లు చేరి ఉంటే చలికి అవి గడ్డకట్టి, ఉబ్బి, అల్యూమినియం కేసును చీలుస్తాయి. డ్రైవ్‌ను నిలువుగా దించి, ముందు అడుగు స్క్రూ, తర్వాత పైన గాలి వదిలే వెంట్ స్క్రూ విప్పండి. మొదట వచ్చే ధారను గమనించండి. ఆయిల్ కంటే నీళ్లు బరువు కాబట్టి ముందు అవే వస్తాయి. ఆయిల్ పాలు కలిపిన టీలా ఉంటే ఎక్కడో సీలు పోయినట్టే. ముందు ప్రొపెల్లర్ ఊడదీసి చూడండి. షాఫ్టుకు చుట్టుకున్న గాలం దారం సీలును కోసేయడం చాలా మామూలు. స్క్రూ అయస్కాంతానికి బూడిదరంగు పేస్టు అంటితే కంగారు పడక్కర్లేదు. గోటికి తగిలే ముక్కలుంటే మాత్రం గేర్లు విప్పించాలి.

నింపేటప్పుడు పైనుంచి పోస్తే లోపల గాలి చిక్కుకుంటుంది. కింది రంధ్రానికి పంపు బిగించి ఆయిల్‌ను పైకెక్కించాలి. వెంట్ నుంచి బుడగలు లేని ధార రాగానే ఆ స్క్రూ బిగించండి. ఇంజిన్ దగ్గరున్న ఆయిల్ సీసాలో మట్టం కనబడేదాకా మళ్లీ పంపు కొట్టి, తర్వాత పంపు తీసి కింది స్క్రూ చటుక్కున పెట్టండి. సీసాతో కలిపి మొత్తం సుమారు 1.9 లీటర్లు పడుతుంది. బాగా తక్కువ పట్టిందంటే లోపల గాలి ఉందన్నమాట. రెండు స్క్రూలకూ కొత్త వాషర్లు వేయండి. పాత వాషర్లతో బిగించి, వచ్చే ఏడు నీళ్లెలా చేరాయని వెతుక్కునేవాళ్లు చాలామంది.

ఇంజిన్ ఆయిల్ కూడా ఇప్పుడే. వెచ్చగా ఉన్నప్పుడు డిప్‌స్టిక్ గొట్టం గుండా పీల్చండి. 4.3 లీటర్ల వీ6కు ఫిల్టర్‌తో కలిపి దాదాపు 4.25 లీటర్లు.

ప్రశ్న: బోటు బాగానే నడుస్తోంది. ఏటా డ్రైవ్ ఊడదీయాలనడం షాపుల వాళ్ల బేరం కాదా? (మిన్నెసోటా)

జవాబు: కాదు. గేర్ ఆయిల్ సంగతి మరిస్తే డ్రైవ్ పోతుంది, తిత్తి సంగతి మరిస్తే బోటే మునుగుతుంది. వెనక గోడలోంచి షాఫ్టు బయటికొచ్చే చోట సరస్సును ఆపేది, షాఫ్టు వంగినా తిరిగేలా చేసే యూ-జాయింట్ చుట్టూ ఉన్న మడతల రబ్బరు తిత్తి. గేర్ కేబుల్‌కూ ఇలాంటిదే చిన్నది ఒకటి ఉంటుంది. డ్రైవ్ తీస్తే తప్ప వీటి లోపలి వైపు కనబడదు.

గేరు ఫార్వర్డ్‌లో పెట్టండి. ఇది ఆల్ఫాకు, మెర్‌క్రూజర్‌దే బ్రావో డ్రైవ్ అయితే న్యూట్రల్. ట్రిమ్ సిలిండర్ల వెనక కొసలు విప్పి, డ్రైవ్ బరువు జాకీ మీదకు తీసుకుని, ఆరు నట్లు తీసి తిన్నగా వెనక్కి లాగండి. తిత్తి మడతలను, ముఖ్యంగా అడుగువైపు, వేళ్లతో విడదీసి చూడండి. పగులు గానీ, లోపల తుప్పునీటి చారికలు గానీ కనబడితే మార్చేయాల్సిందే, అతుకులు పనికిరావు. షాఫ్టును మోసే గింబల్ బేరింగ్‌ను వేలితో తిప్పితే ఇసుక నలిగినట్టు తగిలినా, మలుపుల్లో గుర్రుమన్నా దాని పని అయిపోయింది. పాత తిత్తి వదిలేసి బేరింగ్ ఒక్కటే మార్చడం దండగ. బేరింగ్‌ను చంపింది ఆ తిత్తిలోంచి కారిన నీళ్లే.

తర్వాత, ఇంజిన్ డ్రైవ్‌తో ఒకే వరుసలో ఉందో లేదో చూసే అలైన్‌మెంట్ కడ్డీ. బేరింగ్ గుండా, షాఫ్టు దూరే ఇంజిన్ కప్లర్‌లోకి చేతి ఒత్తిడితోనే జారాలి. సుత్తి పట్టుకోవాలనిపిస్తే ఆగి, ఇంజిన్ ముందు మౌంట్లు సర్దండి. అలాగే బిగిస్తే కప్లర్ పళ్లు అరిగిపోతాయి. యూ-జాయింట్లకు నిపిల్ ఉంటే గ్రీజు కొట్టి, షాఫ్టు కొసన ఉన్న పళ్లకు (స్ప్లైన్లు) స్ప్లైన్ గ్రీజు పూసి, కొత్త ఓ-రింగులు, గాస్కెట్ వేసి, నట్లను 68 న్యూటన్ మీటర్లకు బిగించండి. చలికాలమంతా డ్రైవ్ కిందకే ఉంచండి. పైకెత్తి ఉంచితే తిత్తి మడతలు అలాగే బిగుసుకుపోతాయి.

ప్రశ్న: ఇంజిన్‌ను చల్లబరిచే నీళ్ల పంపులో రబ్బరు చక్రం, అంటే ఇంపెల్లర్ రెక్క ఒకటి ఊడిపోయింది. కొత్తది వేశాను. ఇక చాలా? (నార్త్ కరోలినా)

జవాబు: ఆ ఊడిన ముక్క దొరికిందా? దొరకకపోతే పవర్ స్టీరింగ్ కూలర్ మూతి దగ్గరో, వేడెక్కితేనే తెరుచుకునే థర్మోస్టాట్ వాల్వు హౌసింగ్‌లోనో అడ్డం పడి ఉంటుంది. ఇంజిన్ వేడెక్కేది మళ్లీ అప్పుడే. హోస్‌లు విప్పి వెతకండి. ఇంటి దగ్గర స్టార్ట్ చేసేటప్పుడు ముందు డ్రైవ్‌కు నీళ్లిచ్చే కుళాయి తిప్పండి, తర్వాతే తాళం. నీళ్లు లేకుండా తిరిగితే రబ్బరు క్షణాల్లో కాలిపోతుంది.

ప్రశ్న: బకెట్లో గడ్డకట్టకుండా ఆపే పింక్ యాంటీఫ్రీజ్ పోసి ఇంజిన్‌తో పీల్పించాను. అయినా బ్లాక్ పగిలింది. ఎందుకు? (విస్కాన్సిన్)

జవాబు: ఇంజిన్ చల్లగా ఉంది, థర్మోస్టాట్ మూసుకునే ఉంది. మీరు పోసినదంతా బ్లాక్‌ను తప్పించుకుని ఎగ్జాస్ట్ దారిన బయటికి పోయింది. లోపలి నీళ్లు లోపలే ఉండి గడ్డకట్టాయి. ముందు నీళ్లు తీయాలి: బ్లాక్‌కు రెండు పక్కలా ప్లగ్గులు, మానిఫోల్డ్ ప్లగ్గులు, సర్క్యులేటింగ్ పంపు అడుగు హోస్. ప్లగ్ తీసినా చుక్క రాలేదంటే ఖాళీ అయిందని మురిసిపోకండి, తుప్పు పెళ్లలు అడ్డుపడ్డాయి. గట్టి తీగతో పొడవండి. అంతా కారాక ప్లగ్గులు బిగించి, ప్రొపైలీన్ గ్లైకాల్ రకాన్ని నీళ్లు కలపకుండా థర్మోస్టాట్ దగ్గరి పెద్ద హోస్ నుంచి నేరుగా పోయండి.

ప్రశ్న: డ్రైవ్ తినిపోకుండా తామే కరిగిపోయే అనోడ్‌లు ఏ లోహానివి వేయాలి? (టాంపా)

జవాబు: మీది ఉప్పునీరు కాబట్టి జింక్ గానీ అల్యూమినియం గానీ. మెగ్నీషియం మంచినీటికే. సగం కరిగితే మార్చండి. వాటి మీద రంగు వేయకండి.

ప్రశ్న: కార్ల షాపులో ఆల్టర్నేటర్ సగం ధరకే ఉంది. బోల్టులూ సరిపోతున్నాయి. వేసుకోవచ్చా? (డాలస్)

జవాబు: వద్దు. కారు బానెట్ కింద గాలి ఆడుతుంది. బోటులో పెట్రోల్ ఆవిరి గాలి కంటే బరువై అడుగున పేరుకుంటుంది. మెరైన్ ఆల్టర్నేటర్‌నూ స్టార్టర్‌నూ లోపలి నిప్పురవ్వ బయటి ఆవిరిని అంటించకుండా తయారుచేస్తారు. ధరలో తేడా దానికే. సరైనది వేశాక కూడా స్టార్ట్ చేసేముందు నాలుగు నిమిషాలు ఆ ఆవిరిని బయటికి తోసే బ్లోయర్ ఫ్యాను తిప్పండి.