పాత చీటీ తీసేయకు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

మీ కళాశాల మ్యూజియంలోని చీమలకు పేర్లు సరిచూసే పని నీకు అప్పగించారని అమ్మ చెప్పింది. చాలా సంతోషం. పేర్లు ఇలా మారుతూ పోతే దేన్ని నమ్మాలని అడిగావట.

తిరుపతి ఇళ్లలో కరెంటు తీగల పైపొరను కొరికే చిన్న చీమను తీసుకో. లేత పసుపు ఒళ్లు, ముదురు గోధుమరంగు పొట్ట. నెల్లూరులో వైద్యుడిగా పనిచేసిన జెర్డన్ 1851లో దీన్ని 'అట్టా డిస్ట్రక్టర్' అన్నాడు. తర్వాత 'మోనోమోరియం' అనే ప్రజాతిలో, అంటే దగ్గరి జాతుల గుంపులో, చేర్చారు. 2015లో జన్యు ఆధారాలు చూసి 'ట్రైకోమిర్మెక్స్'కు మార్చారు. చీమ మారలేదు, జెర్డన్ ఇచ్చిన జాతి పేరు 'డిస్ట్రక్టర్' కూడా మారలేదు. దాని దగ్గరి చుట్టాలెవరన్న మన అవగాహన మారింది. జెర్డన్ పేరునూ సంవత్సరాన్నీ ఇప్పుడు బ్రాకెట్లలో రాసేది అందుకే: ఆయన పెట్టిన ప్రజాతి వేరని దాని గుర్తు. ఆ బ్రాకెట్లు వదిలేసిన జాబితాలు చూస్తే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

ప్రజాతుల పెద్ద గుంపులైన ఉపకుటుంబాల మార్పులకు బెంగపడకు. 2014లో ఏనిక్టినే, సెరపాకినే వంటివాటిని డోరిలినేలో కలిపేశారు. బీరువాలో అరలు సర్దుకుంటే సరిపోతుంది.

ఒకే జాతి అనుకున్నది రెండని తేలినప్పుడే అసలు చిక్కు. పాత జాబితాలోని పేరు ఆ రెంటిలో దేనిదో పేరు చూసి ఎవరూ చెప్పలేరు. సూదిమీది చీమను మళ్లీ సూక్ష్మదర్శిని కింద పెట్టాల్సిందే. ఆ చీమ, అది దొరికిన చోటు మన సాక్ష్యం. పేరు ఆనాటి తీర్పు. రెంటినీ ఒకే చీటీ మీద రాయకు.

ముక్కోణపు అట్టముక్క కొసకు చీమను అంటించి, కింద మొదటి చీటీలో ఊరు, తేదీ, చెట్టు మీదా నేల మీదా, పట్టినవారి పేరు రాయి. దాన్ని ఎప్పటికీ మార్చకూడదు. రెండో చీటీలో చీమ పేరు, దాన్ని నిర్ణయించినవారి పేరు, సంవత్సరం. పేరు మారితే కొత్త చీటీ కింద గుచ్చు, పాతది అలాగే ఉంచు. మారిన పేరును ఆంట్‌క్యాట్ అనే ఆన్‌లైన్ చీమల పేర్ల జాబితాలో చూసి, మార్చిన పరిశోధన పత్రాన్ని కూడా చదువు. ఏ లక్షణం చూసి మార్చారో తెలియకుండా చీటీ రాయవద్దు.

ప్రతి పుట్ట నుంచి కొన్ని చీమలను 95 శాతం ఆల్కహాల్‌లో వేరుగా దాచు. ఫార్మలిన్ వాడితే డీఎన్ఏ పాడవుతుంది. శేషాచలం అడవిలో సేకరించాలంటే ముందుగా అటవీశాఖ అనుమతి తీసుకో, ఆ పత్రం నకలు మ్యూజియం రిజిస్టరులో అంటించు.

నీ మామయ్య