‘చ’ దగ్గరే వెతికారు, అందుకే దొరకలేదు

సిరిమానోత్సవానికి మీ వీధిలో పెట్టే పాటల పోటీకి ‘చందమామ’ మాట ఉన్న పాత పాటలు కావాలని, పాటల పుస్తకం పట్టికలో ఒకటీ అరా తప్ప కనపడలేదని అడిగారు. పట్టిక మొదటి అక్షరాన్ని బట్టి ఉంటుంది. మన సినిమా పాటకి విడిగా పేరుండదు, పల్లవి ఎత్తుగడే పేరు. అందులో చందమామ ఎక్కువగా చివర్న వచ్చి కూర్చుంటాడు.

1. ముందు సంబోధనతో వెతకండి: ‘రావోయి’, ‘ఓ’, ‘మామా’. అందరూ వదిలేసేది ఇదే. చందమామని మనవాళ్లు పిలుస్తారు, పిలుపు ముందొస్తుంది, పేరు తర్వాత.

‘ర’లో: రావోయి చందమామ (మిస్సమ్మ, 1955). సాలూరు దగ్గర శివరామపురంలో పుట్టిన సాలూరి రాజేశ్వరరావు గారి బాణీ. మన పోటీలో ఇది ఉండి తీరాలి.

‘మ’లో: మామా చందమామ (సంబరాల రాంబాబు, 1970).

‘చ’లోనే ఉన్నా కంటికి ఆననిది: చల్లని రాజా ఓ చందమామ (ఇలవేల్పు, 1956). పాడిన ముగ్గురిలో మన విజయనగరం ఆడపడుచు సుశీలమ్మ ఉన్నారు. పేజీలో ‘చల్లని’ చూసి దాటేసుంటారు.

2. జాబిల్లి, చందురుడు వేరే మాటలు. ‘ఆకాశవీధిలో అందాల జాబిలీ’, ‘చందురుని మించు అందమొలికించు’ ఎంత బాగున్నా లెక్కకి రావు. ఈ సంగతి పోటీకి ముందే చెప్పేయండి, లేకపోతే అక్కడే తగువు.

3. చరణంలో వచ్చిన చందమామనీ కలపకండి.